బస్తా మీద "సహజం" అని రాస్తే చాలదు: దాణాలో ఖనిజ పొడులు కలిపేముందు చూసుకోవాల్సినవి

"ఇది కెమికల్ కాదండీ, నేలలోంచి తీసిందే." ఊళ్లోకి బస్తాలు వేసుకుని వచ్చే ప్రతివాడూ ఈమధ్య ఈ మాటతోనే మొదలుపెడుతున్నాడు. బెంటొనైట్ అంటాడు, జియోలైట్ అంటాడు, రాతి పొడి అంటాడు, గుల్ల పొడి అంటాడు. నేలలోంచి తీసిందన్న మాట నిజమే అయ్యుండొచ్చు, కాదనను. సీసమూ నేలలోంచి తీసిందే, పాషాణమూ నేలలోంచి తీసిందే. మా కనిగిరి వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎవరూ తెచ్చి కలపలేదు, అంతకన్నా సహజమైంది ఇంకోటి ఉండదు, ఆ నీళ్లు తాగే మా పెద్దవాళ్ల నడుములు వంగిపోయాయి.

అలాగని ఖనిజాలు వద్దని కాదు. లవణ మిశ్రమం (మినరల్ మిక్చర్) అందని గేదె సరిగ్గా ఎదకు రాదు, వచ్చినా చూడి నిలవదు, గోడలు నాకుతుంది, ఎముక కనపడితే నములుతుంది. కాబట్టి పెట్టాలి. కాకపోతే ఏ పొడి, ఎక్కడిది, ఏ జీవానికి, ఎంత, మన నీళ్లలో మేతలో ఇప్పటికే ఎంత పోతోంది అన్నవి తేల్చుకున్నాకే పెట్టాలి. నేను ఆరు ముర్రా గేదెలు, ఓ పాతిక నెల్లూరు జుడిపి పొట్టేళ్లు పెట్టుకుని దాణా ఇంట్లోనే కలుపుకునే మనిషిని. ఇక్కడ రాసేవాటిలో కొన్ని డబ్బులు పోగొట్టుకుని నేర్చుకున్నవి, కొన్ని మా పశువుల డాక్టరు గారిని విసిగించి విసిగించి అడిగి తెలుసుకున్నవి.

ముందు గ్రేడు సంగతి

ఒకే పేరుతో మూడు నాలుగు రకాల సరుకు బజారులో ఉంటుంది, మోసం ఎక్కువగా జరిగేది ఇక్కడే, చాలాసార్లు అమ్మేవాడు చేసేది కూడా కాదు, మనకు మనమే చేసుకునేది. నీళ్లు తగిలితే ఉబ్బే బెంటొనైట్ మట్టి ఉదాహరణ చూడండి. కరెంటు పనివాళ్లు ఎర్తింగ్ గుంతలో పోసేది బెంటొనైటే, పైలింగ్ వాళ్లు బురదగా కలిపి వాడేదీ బెంటొనైటే, దాణాలో కలిపేదీ బెంటొనైటే. ఎలక్ట్రికల్ షాపులో బస్తా చవకగా వస్తుంది కదా అని తెచ్చి దాణాలో పోసినవాళ్లను చూశాను. దానిలో సీసం ఎంత, ఆర్సెనిక్ ఎంత అని ఎవరూ పరీక్ష చేసి ఉండరు, ఎందుకు చేస్తారు, అది గుంతలో పోసే మట్టి. పైగా గుంతల పనికి వాడే రకాల్లో వేరే రసాయనాలు కలిపినవి కూడా ఉంటాయి.

జింక్ సల్ఫేట్ కూడా అంతే. ఎరువుల కొట్టులో వరికి చల్లేది ఒకటి, పశువులకు పెట్టేది ఒకటి. ఎరువు రకంలో సీసం, కాడ్మియం ఎక్కువ ఉండే అవకాశం ఉంది, కాడ్మియం ఒకసారి లోపలికి వెళితే కాలేయంలోనూ మూత్రపిండాల్లోనూ ఏళ్ల తరబడి పేరుకుంటుంది, అంటే ఆ మాంసం తిన్నవాళ్లకూ వాటా వస్తుందన్నమాట. సూపర్ ఫాస్ఫేట్ ఎరువు సంగతి అయితే చెప్పనే అక్కర్లేదు, అందులో ఫ్లోరైడ్ ఉంటుంది, "ఫాస్ఫరస్ కదా" అని పశువుకు పెట్టే వస్తువు కాదు.

ఇంకో ప్రమాదం పేర్లలో ఉంది. డీసీపీ అంటే డై కాల్షియం ఫాస్ఫేట్, దాణాలో వేస్తాం. డీఏపీ అంటే డై అమ్మోనియం ఫాస్ఫేట్, పొలంలో వేస్తాం. ఫోనులో పిల్లాడికి "డీసీపీ రెండు కిలోలు పట్రా" అని చెబితే వాడికి డీఏపీ అని వినపడిందనుకోండి, కొట్టువాడికి అది ఇంకా మామూలుగా వినపడుతుంది. కాగితం మీద రాసి ఇవ్వండి, పూర్తి పేరు రాయండి. ఎరువుల బస్తాలు, దాణా బస్తాలు ఒకే గదిలో పెట్టొద్దు. ఇంట్లో చోటు లేదు అంటారా, ఎరువుల్ని పొలం షెడ్డులో పెట్టండి, కొట్టంలో మాత్రం వద్దు.

వంట సోడా, బట్టల సోడా కూడా ఇలాంటి కవలలే. దాణా ఎక్కువ తినే గేదెకు పొట్టలో పులుపు పెరక్కుండా వంట సోడా వేస్తారు, డాక్టరు చెప్పిన లెక్కలో మంచిదే. బట్టల సోడా ఘాటు క్షారం, నోరూ గొంతూ మండుతాయి. ఇక ఆన్‌లైన్‌లో "డయాటమేషియస్ ఎర్త్" అని ఓ తెల్ల పొడి అమ్ముతున్నారు, నట్టల మందు అక్కర్లేదు ఇది చాలు అని. ఈత కొలనుల ఫిల్టర్లలో వాడే కాల్చిన రకం దాణాకు అసలు పనికిరాదు, పీల్చిన మనిషికి కూడా మంచిది కాదు. పనికొచ్చే రకమే కొన్నా నట్టల మందు మానేసేంత నమ్మకం దాని మీద పెట్టుకోవద్దని నా మాట.

కాగితం అడగండి

లవణ మిశ్రమానికి మనకు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణం ఉంది, ఐఎస్ 1664. బస్తా మీద ఆ నంబరు ఉందా, ఐఎస్ఐ గుర్తు కింద లైసెన్సు నంబరు ఉందా చూడండి. కాల్షియం 20 శాతం చుట్టూ, ఫాస్ఫరస్ 12 శాతం చుట్టూ ఉండి, జింక్, రాగి, మాంగనీసు, కోబాల్టు, అయోడిన్ అంకెలతో సహా రాసి ఉంటే అది చదవదగ్గ లేబుల్. "72 రకాల సహజ ఖనిజాలు" అని రాసి ఒక్క అంకె కూడా ఇవ్వకపోతే ఆ బస్తా అక్కడే వదిలేయండి. ఆ 72లో సీసం, ఆర్సెనిక్, పాదరసం ఉన్నాయో లేదో వాడు చెప్పడు, మనం అడగం.

లేబుల్‌లో అందరూ కాల్షియం వైపు చూస్తారు. నేను కింది వరస చూస్తాను: ఫ్లోరిన్ గరిష్ఠం ఎంత, సీసం గరిష్ఠం ఎంత, ఆర్సెనిక్ గరిష్ఠం ఎంత, ఆమ్లంలో కరగని బూడిద ఎంత. ఈ చివరిది సామాన్యంగా ఇసుక లెక్క. ఇది ఎక్కువ ఉందంటే మీరు కొన్నదాంట్లో అంత శాతం ఇసుకే.

తర్వాత బ్యాచ్ నంబరు చూసి అమ్మేవాడిని "ఈ బ్యాచ్ టెస్ట్ రిపోర్టు వాట్సాప్‌లో పెట్టండి" అని అడగండి. ఈ బ్యాచ్‌దే, మూడేళ్ల కిందటి ఏదో రిపోర్టు కాదు. ఎందుకంటే గని సరుకు ఫ్యాక్టరీలో తయారైన మందులా ప్రతిసారీ ఒకేలా ఉండదు, గనిలో ఓ పొర దాటి ఇంకో పొరకు వెళితే లోహాలు మారిపోతాయి. ఎన్ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ల్యాబు రిపోర్టు అయితే మేలు. ఎక్కువ సరుకు కొనేవాళ్లు, పదిమంది కలిసి లోడు దింపుకునేవాళ్లు సొంతంగా ఓ శాంపిల్ ల్యాబుకు పంపించుకోండి, తలా కొంచెం వేసుకుంటే భారం కాదు. ఎక్కడ చేయించాలో తెలియకపోతే తిరుపతి శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయంలో గానీ, రాజేంద్రనగర్‌లోని పీవీ నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయంలో గానీ పశు పోషణ విభాగం వాళ్లను అడగండి.

ఇంట్లో చేసుకునే రెండు పరీక్షలు

లోహాలను ఇంట్లో కనిపెట్టలేం, అది ల్యాబు పనే. కల్తీని మాత్రం కొంతవరకు పట్టుకోవచ్చు. డీసీపీ అని ఇచ్చిన పొడిని సాసర్లో ఓ చెంచాడు వేసి దాని మీద నిమ్మకాయ పిండండి. బుసబుసా నురగ పొంగిందంటే అందులో సున్నపురాయి పొడి బాగా కలిసినట్టు. అసలైన డీసీపీ నురగ రాదు, వస్తే ఏదో నాలుగు బుడగలు. మేము పోయినేడు కొన్న ఓ సంచి సోడా గ్లాసులా పొంగింది. సున్నపురాయి విషమేమీ కాదు, కానీ డీసీపీ కిలో ధరకు దాన్ని అమ్మితే మన ఫాస్ఫరస్ పోయింది, డబ్బూ పోయింది. ఈ పరీక్ష విడి డీసీపీకి, తవుడుకు మాత్రమే పనికొస్తుంది సుమా, తవుడులో కూడా రాతి పొడి కలిపేవాళ్లున్నారు. పూర్తి మినరల్ మిక్చర్‌లో సున్నపురాయి ఉండటం మామూలే, నురగ వచ్చిందని కొట్టువాడితో గొడవకు దిగొద్దు.

రెండోది గాజు గ్లాసు పరీక్ష. గ్లాసు నీళ్లలో రెండు చెంచాల పొడి వేసి గట్టిగా కలిపి అరగంట వదిలేయండి. అడుగున చేరినదాన్ని వేళ్ల మధ్య నలిపి చూడండి, గరగర ఇసుక తగిలితే తెలిసిపోతుంది. బెంటొనైట్ అయితే ఉబ్బి జిగటగా తేరుకుంటుంది, అసలేమీ ఉబ్బకుండా ఇటుక పొడిలా అడుగున కూర్చుంటే అది ఏ మట్టో ఆలోచించుకోండి.

మన నీళ్లు కూడా లెక్కలోకి వస్తాయి

మా వైపు వాళ్లు, నల్గొండ వాళ్లు ఇది తప్పకుండా చదవాలి. ఫ్లోరోసిస్ మనకు కొత్త కాదు, 1937లోనే మద్రాసు ప్రెసిడెన్సీలో ఈ జబ్బు ఉందని డాక్టర్లు రాశారు. మనుషుల కోసం ఫిల్టర్ నీళ్లు వచ్చాయి, గేదెలకు మాత్రం అదే బోరు.

ఎండాకాలంలో పాలిచ్చే గేదె 60 లీటర్లు తాగుతుందనుకుందాం. నీళ్లలో లీటరుకు 4 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉంటే రోజుకు 240 మిల్లీగ్రాములు నీళ్లతోనే పోయింది. పాడి పశువు మొత్తం ఎండు మేతలో కిలోకు 40 మిల్లీగ్రాములు దాటకూడదని పోషణ పుస్తకాల లెక్క, 12 కిలోలు తినే గేదెకు అది 480 మిల్లీగ్రాములు. అంటే సగం హద్దు నీళ్ల దగ్గరే అయిపోయింది. ఇప్పుడు "సహజ ఫాస్ఫరస్" అని గనిలోంచి తీసి అలాగే పొడి కొట్టిన రాక్ ఫాస్ఫేట్ రోజుకు 50 గ్రాములు పెట్టారనుకోండి. అందులో ఫ్లోరిన్ 3 శాతం ఉంటే, ఆ మాత్రం ఉండటం మామూలే, 1500 మిల్లీగ్రాములు. అదంతా ఒంటికి పట్టదు, అయినా హద్దుకు మూడింతలు. అదే ఫ్లోరిన్ 0.07 శాతం ఉన్న మినరల్ మిక్చర్ 50 గ్రాములకు 35 మిల్లీగ్రాములే. రెండూ బూడిదరంగు పొడులే, చేత్తో పట్టుకుంటే తేడా తెలియదు.

ఫాస్ఫరస్ కోసమైతే డీసీపీ కొనండి, రాక్ ఫాస్ఫేట్ అయితే ఫ్లోరిన్ తీసేసినదని కాగితం మీద ఉండాలి. ఫ్లోరైడ్ ముదిరితే పళ్ల మీద గోధుమరంగు మచ్చలు పడతాయి, పళ్లు ఎగుడుదిగుడుగా అరిగిపోతాయి, చల్లటి నీళ్లు తాగడానికి జంకుతాయి, కాళ్ల ఎముకల మీద గడ్డలు లేచి కుంటుతాయి. ఇదంతా రావడానికి ఏళ్లు పడుతుంది, అందుకే బస్తా అమ్మినవాడిని ఎవరూ నిలదీయరు. వీలైతే వానాకాలం చెరువు నీళ్లు తాగించండి, ఒక్కసారైనా బోరు నీళ్లు పరీక్ష చేయించండి.

గేదెల మిక్చర్ గొర్రెలకు పెట్టొద్దు

ఇది మా ఇంట్లో జరిగింది, కాస్త వివరంగానే చెబుతాను. మా బాబాయి బక్రీదు బేరానికని 22 పొట్టేళ్లను కొట్టంలో కట్టి మేపాడు. నా గేదెలకు తెచ్చిన మినరల్ మిక్చర్ బస్తా పక్కనే ఉంది. అదీ మంచి సరుకే, లేబుల్ అన్నీ సక్రమంగా ఉన్నాయి. "గేదెకు మంచిదైతే పొట్టేలుకు చెడ్డదవుద్దా ఏందిరా" అని దాణాలో కలపడం మొదలుపెట్టాడు. నిజానికి నేనూ అడ్డం చెప్పలేదు, నాకూ అప్పటికి తెలియదు. మూడు నెలలు బ్రహ్మాండంగా పెరిగాయి. సంతకు తీసుకెళ్దామని ఆటోలో ఎక్కించిన రోజు సాయంత్రం ఒకటి మేత మానేసి పక్కకు నిలబడింది, తెల్లారేసరికి కళ్లు పసుపు, మూత్రం కాఫీ డికాషన్ రంగులో. మధ్యాహ్నానికి పోయింది. నాలుగు రోజుల్లో నాలుగు పోయాయి.

డాక్టరు గారు కోసి చూపించారు, కాలేయం పసుపు, మూత్రపిండాలు నల్లగా. రాగి విషం అన్నారు. గొర్రె ఒంటికి రాగిని బయటికి పంపే శక్తి తక్కువట, అందింది అందినట్టు కాలేయంలో దాచుకుంటూ పోతుంది, పైకి ఏమీ తెలియదు, ప్రయాణమో వానో టీకానో ఏదో ఒక బెదురు తగిలిన రోజు అంతా ఒకేసారి రక్తంలోకి వదిలేస్తుంది, ఎర్ర కణాలు పగిలిపోతాయి.

లెక్క వేసి చూపించారు ఆయన. బస్తా మీద రాగి 0.1 శాతం. 100 కిలోల దాణాకు 2 కిలోల మిక్చర్ కలిపితే అందులో 2 గ్రాముల రాగి, అంటే దాణా కిలోకు 20 మిల్లీగ్రాములు. తవుడులో, నూనె తీసిన చెక్కలో సహజంగా ఉండేది దీనికి అదనం. గొర్రె తట్టుకునేది మొత్తం మేతలో కిలోకు 15 చుట్టూ, అదే ఆవు 40 దాకా తట్టుకుంటుంది. బాబాయి పైగా తొట్టిలో ఓ గుప్పెడు విడిగా కూడా చల్లేవాడు, "బలానికి" అని.

కాబట్టి గొర్రెలకు గొర్రెల కోసమే తయారైనది, రాగి తక్కువని గానీ అసలు లేదని గానీ లేబుల్ మీద ఉన్నది తీసుకోండి. మేకలు గొర్రెల కన్నా రాగిని ఎక్కువ తట్టుకుంటాయి, అయినా రెండూ ఒకే దొడ్డిలో ఉంటే గొర్రె లెక్కే పాటించండి. గేదెలకు వేలాడదీసే నాకుడు ఇటుక గొర్రెలకు అందకుండా కట్టండి. కాలి కుళ్లుకు మైలుతుత్తం (రాగి సల్ఫేట్) నీళ్లలో కాళ్లు ముంచుతారు కదా, దాహంతో ఉన్నప్పుడు ఆ తొట్టి దగ్గరికి తోలొద్దు, తాగేస్తాయి. మిగతా పొట్టేళ్లకు డాక్టరు గారు ఏవో మందులు పట్టించి, మిక్చర్ ఆపించి, నెల రోజులు కదిలించొద్దన్నారు. బక్రీదు బేరం పోయింది.

పొట్టేళ్ల గురించే ఇంకోటి. తవుడు, గింజలు ఎక్కువ పెట్టి మేపితే ఫాస్ఫరస్ ఎక్కువై మూత్రనాళంలో రాళ్లు కట్టి మూత్రం బిగుసుకుపోతుంది. అలాంటి దాణాలో మళ్లీ డీసీపీ పోయడం తప్పు, అక్కడ కావాల్సింది సున్నపురాయి పొడి, కాల్షియం ఫాస్ఫరస్‌కు రెండింతలు ఉండేట్టు. గేదెకు డీసీపీ, పొట్టేలుకు సున్నపురాయి అని గుర్తుపెట్టుకుంటే చాలావరకు సరిపోతుంది.

బూజు చెక్కకు మట్టి మందు

వేరుశనగ చెక్కకు, పత్తి గింజల చెక్కకు తేమ తగిలితే బూజు పడుతుంది, అఫ్లటాక్సిన్ అనే బూజు విషం వస్తుంది, గేదె తింటే కొంత పాలలోకి దిగుతుంది. మన దేశంలో పాలలోకి దిగే రకానికి, అంటే అఫ్లటాక్సిన్ ఎమ్1కు, హద్దు కిలోకు 0.5 మైక్రోగ్రాములు. బెంటొనైట్ ఈ విషాన్ని పొట్టలో పట్టుకుని పేడతో బయటికి పంపుతుంది, ఇది నిజమే, యూరప్‌లో ఇందుకోసమే అనుమతి ఇచ్చారు. ఆ అనుమతిలోనే హద్దు కూడా ఉంది: టన్ను పూర్తి దాణాకు 20 కిలోలు మించొద్దు, అంటే మన 100 కిలోలకు 2 కిలోలు. నోటి ద్వారా కొన్ని రకాల యాంటీబయాటిక్‌లు ఇస్తున్నప్పుడు వాడొద్దని కూడా ఉంది, ఎందుకంటే విషాన్ని పట్టుకున్నట్టే మందునీ పట్టుకుంటుంది. పశువుకు వైద్యం నడుస్తుంటే మీరు బెంటొనైట్ పెడుతున్నట్టు డాక్టరుకు చెప్పండి, లేకపోతే మందు పనిచేయట్లేదని ఆయన డోసు పెంచుకుంటూ పోతాడు.

మిగతా బూజు విషాల మీద దీని పని అంతంతమాత్రమే. పచ్చగా బూజు పట్టిన చెక్కను "మట్టి కలిపితే పోతుందిలే" అని పెట్టడం, నా దృష్టిలో, మురికి బట్టకు సెంటు కొట్టడం లాంటిది. ఆ చెక్క పారేయండి.

మట్టి అంటే ఏముందిలే అనుకునేవాళ్లకు రెండు సంగతులు చెప్పాలి. 1997లో అమెరికాలో కోళ్లలో డయాక్సిన్ అనే విషం తేలింది. ఏ ఫ్యాక్టరీ పొగో అనుకుని వెతుక్కుంటూ వెళితే సోయా చెక్క గడ్డకట్టకుండా కలిపిన బాల్ క్లే అనే మట్టి దగ్గర ఆగింది, మిసిసిపీలోని గని నుంచి వచ్చింది. ఎవరూ కలపలేదు, ఆ మట్టిలోనే ఎప్పటి నుంచో ఉంది. 2004లో నెదర్లాండ్స్‌లో అయితే దాణాలో మట్టి కలపనే లేదు. బంగాళాదుంపలను మట్టి నీళ్లలో తేల్చి ఏరే ఫ్యాక్టరీ నుంచి తొక్కలు తెచ్చి ఆవులకు వేశారు, తొక్కలకు అంటిన మట్టిలోని డయాక్సిన్ పాలల్లో బయటపడింది. కంటికి కనపడదు, వాసన రాదు, పాల కొవ్వులో చేరుతుంది. అందుకే గని పేరు, బ్యాచ్ రిపోర్టు అని నేను అంత పట్టుబడుతున్నది.

పుట్టమన్ను మాటేంటి అని అడుగుతారు. మా నాయనమ్మ కూడా పెట్టేది. పశువు తనంతట తాను పుట్టను నాకితే దానికి ఏదో లోటుందని అర్థం, లోటు తీర్చండి. ఎక్కడి నుంచో తవ్వి తెచ్చి తొట్టిలో పోయడం మాత్రం మానేయండి, దొమ్మ రోగంతో (ఆంత్రాక్స్) చచ్చిన జీవాన్ని పూడ్చిన నేలలో ఆ క్రిములు దశాబ్దాలు బతికుంటాయి. ఊళ్లో ఏ జీవం ఎక్కడ పూడ్చారో ఎవరికి గుర్తుంటుంది.

కలిపే తీరు

మంచి సరుకు కూడా చెడ్డగా కలిపితే విషమే. చాలామంది కుడితిలో వేస్తారు, అది మానుకోండి. ఖనిజ పొడి బరువుకు అడుక్కి దిగిపోతుంది, మొదట తాగిన గేదెకు ఒట్టి నీళ్లు, చివర తాగినదానికి అడుగంతా. పొడి దాణాలోనే కలపాలి.

100 కిలోల దాణాకు 2 కిలోల మిక్చర్, 1 కిలో ఉప్పు, ఇది గేదెల లెక్క. ముందు ఆ మూడు కిలోలను ఐదు కిలోల తవుడులో చేత్తో బాగా కలపండి. దాన్ని ఓ పాతిక కిలోల్లో కలపండి. అప్పుడు మొత్తం మీద చల్లి పారతో ఈ మూల నుంచి ఆ మూలకు మూడుసార్లు తిరగేయండి. ఒకేసారి కుప్ప మీద పోసి నాలుగు తిప్పులు తిప్పితే ఓ తట్టలో అసలుండదు, ఇంకో తట్టలో నాలుగింతలు ఉంటుంది. మూతికి గుడ్డ కట్టుకోండి, ఈ పొడుల్లో సిలికా దుమ్ము ఉంటుంది, ఊపిరితిత్తులు మనవి.

విడిగా పెట్టేవాళ్లయితే పాలిచ్చే గేదెకు రోజుకు 50 గ్రాములు, పది లీటర్లు దాటి ఇచ్చేదానికి 100 దాకా, దూడకు 20 నుంచి 25. గరిటె లెక్క నమ్మొద్దు. మా ఇంట్లో చిన్న స్టీలు గరిటె సమంగా తీస్తే 38 గ్రాములు, కుప్పగా తీస్తే 60 తూగింది, మా ఆవిడ ఒక రకంగా తీస్తుంది, నేను ఇంకో రకంగా తీస్తాను. ఒక్కసారి కిరాణా కొట్టు త్రాసు మీద తూచి ప్లాస్టిక్ డబ్బా మూతకు గీత గీసి పెట్టుకున్నాం, గొడవ పోయింది.

కంపెనీ దాణా కొనేవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. అందులో ఖనిజాలు, ఉప్పు ముందే కలిపి ఉంటాయి. దాని మీద మిక్చర్, ఆ మీద కాల్షియం టానిక్, కొట్టంలో నాకుడు ఇటుక, డీలరు ఇచ్చిన "సహజ" పొడి ఇంకోటి... ఏది ఎంత పోతోందో ఎవరికీ తెలియదు. అన్నీ ఒక కాగితం మీద రాసి డాక్టరుకు చూపించండి, సగం కొట్టేస్తారు, డబ్బులు మిగులుతాయి. ఉప్పు వేసిన రోజు నీళ్లకు కరువు ఉండకూడదు, కరెంటు లేక తొట్టి ఎండితే ఆ పూట ఉప్పు దాణా ఆపేయండి.

ఈనబోయే గేదెకు చివరి మూడు వారాలు అదనపు కాల్షియం పెట్టకండి. సున్నపురాయి పొడి, కాల్షియం టానిక్ అన్నీ ఆపాలి. పెట్టేకొద్దీ పాలజ్వరం రాదనుకుంటారు, జరిగేది తలకిందులు: బయటి నుంచి పుష్కలంగా అందుతుంటే ఎముకల్లోంచి కాల్షియం తీసుకునే అలవాటు ఒంటికి తప్పిపోతుంది, ఈనిన రోజు పాలలోకి ఒక్కసారిగా పోతుంటే అందుకోలేక కూలబడుతుంది. ఈనాక పెట్టండి. కోళ్లలోనూ గుడ్లకు రాని పెట్టలకు గుడ్ల కోళ్ల దాణా పెడితే అంత కాల్షియంతో మూత్రపిండాలు చెడిపోతాయి, గుల్ల పొడి గుడ్లు మొదలయ్యే వేళకే.

తేడా చేస్తే

కొత్త పొడి మొదలుపెట్టిన వారం పది రోజులు పాలు, మేత, పేడ మీద ఓ కన్నేసి ఉంచండి, అందుకే ఒకేసారి రెండు కొత్త వస్తువులు మొదలుపెట్టొద్దు. మేత మానేసినా, తూలినా, మూత్రం రంగు మారినా ముందు ఆ పొడి ఆపేయండి, 1962కు ఫోన్ చేయండి, పశువుల అంబులెన్స్ వస్తుంది. ఈలోగా నూనెలు, చింతపండు పులుసు గొంతులో పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతే దానితోనే చస్తుంది. డాక్టరు చెప్పేదాకా ఆ పాలు కేంద్రంలో పోయొద్దు, మీరూ తాగొద్దు. చచ్చినదాన్ని కుక్కలకు వదిలేయకుండా కోసి చూడమని అడగండి, మిగతావి బతికేది దానివల్లే.

డాక్టరు మొదట అడిగేది "బస్తా ఏది" అని. బాబాయి పొట్టేళ్లప్పుడు ఆ బస్తా ఎప్పుడో ఖాళీ అయిపోయింది, దాన్ని కోసి కొట్టం కిటికీకి జల్లు పడకుండా కట్టాడు, లేబుల్ సగం చిరిగి గాలికి పోయింది. నా దగ్గర అదే బ్యాచ్ ఇంకో బస్తా ఉండబట్టి రాగి అంకె దొరికింది. అప్పటి నుంచి కొత్త బస్తా విప్పిన ప్రతిసారీ లేబుల్ ఫోటో తీసి, వంద గ్రాముల పొడి హార్లిక్స్ సీసాలో పోసి, తేదీ, బ్యాచ్ నంబరు రాసిన చీటీ అంటించి అటక మీద పెడుతున్నాను. ఆర్నెల్లు దాటాక పారబోస్తాను. ఇప్పుడక్కడ ఐదు సీసాలున్నాయి, ఒకదాని మీద మా ఆవిడ ఎర్ర పెన్నుతో "ఇది ఉప్పు కాదు" అని రాసింది.